‘నువ్వలాంటివాడివి కాదులే’ అనడం మానండి

“నువ్వలాంటివాడివి కాదులేరా” అని మా అక్క నాతో ఎన్నిసార్లు అందో లెక్కలేదు. ప్రేమతోనే అంది. నా భార్యా అంది, నా స్నేహితుడూ అన్నాడు, చివరికి అద్దం ముందు నిలబడి నాకు నేనే చెప్పుకున్నాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే నా జబ్బుని, అంటే ఓసీడీని (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్: వద్దన్నా పదేపదే వచ్చే ఆలోచనలు, ఆ భయం చల్లారడానికి చేసిందే చెయ్యడం) ఏడాదిన్నర పాటు పెంచి పోషించింది ఆ మాటే అనిపిస్తుంది. ఇలా అంటే కృతఘ్నత అనుకుంటారని తెలుసు. ఎందుకంటున్నానో చెప్తాను.

మా పాపకి అప్పుడు నాలుగు నెలలు. ఒక సాయంత్రం వంటింట్లో కూరగాయలు తరుగుతున్నాను. పాప పక్కనే చిన్న ఊగే కుర్చీలో కాళ్లాడిస్తూ పడుకుంది. ఉన్నట్టుండి బుర్రలో ఒకటి మెరిసింది: ఈ కత్తితో పాపని పొడిస్తే? ఆలోచన అని కూడా అనలేను, ఒక బొమ్మ, అంతే. అర సెకను ఉందేమో. నా చేతులు చల్లబడిపోయాయి. కత్తి సింకులో పడేసి, నాలుగడుగులు వెనక్కి జరిగి గోడకి ఆనుకుని నిలబడ్డాను. పాప నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూస్తే ఇంకా భయం వేసింది.

ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. లోపల ఎక్కడో లేకపోతే పైకి ఎందుకొస్తుంది? ఇదొక్కటే ప్రశ్న, తెల్లవారేదాకా. మర్నాడు కత్తి కనబడగానే మళ్లీ అదే బొమ్మ. వారం తిరిగేసరికి ఇంట్లో ఉన్న కత్తులన్నీ పాత తువ్వాల్లో చుట్టి, అటక మీద సూట్‌కేసు వెనకాల దాచాను. తర్వాత కత్తెర, ఆ తర్వాత స్క్రూడ్రైవర్. నెల గడిచేసరికి పాపకి స్నానం చేయించడం మానేశాను, ఎత్తుకుని మెట్లు దిగడం మానేశాను, ఒంటరిగా ఒకే గదిలో ఉండడం మానేశాను. నేను అలసిపోయాననుకుంది నా భార్య. కొన్నాళ్లకి, పాప అంటే నాకు ఇష్టం లేదనుకోవడం మొదలుపెట్టింది. అది భరించలేక ఒక రాత్రి ఉన్నదంతా కక్కేశాను.

ఆమె భయపడలేదు. “నీకేమైనా పిచ్చా? దానికి తుమ్మొస్తేనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తేవాడివి, నువ్వు పొడుస్తావా?” అని నవ్వేసింది. గుండెల మీది నుంచి బండ దించినట్టయింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు మధ్యాహ్నానికి కొత్త అనుమానం పుట్టింది. ఆ ఆలోచన వచ్చినప్పుడు నా చెయ్యి కొంచెం కదిలినట్టుంది, ఆ ముక్క ఆమెకి చెప్పలేదుగా? తెలిస్తే అలా నవ్వేదా? వెళ్లి చెప్పాను. “కాదులే, నువ్వలాంటివాడివి కాదు” అంది. మళ్లీ ఊరట. మొదట్లో ఆ ఊరట ఒక పూట నిలిచేది. తర్వాత గంట. ఆఖరికి ఆమె నోట్లోంచి మాట పూర్తిగా రాకముందే నా బుర్ర దాన్ని తిప్పికొట్టేది: ‘ఈసారి విసుగ్గా అంది, అంటే తనకీ అనుమానం వచ్చిందన్నమాట.’ ఒకరోజు ఆమె లెక్కపెట్టింది. పొద్దుట్నుంచి పడుకునేదాకా ఇరవై మూడు సార్లు అడిగానట.

ఇక్కడే నా వాదన. ఓసీడీలో జబ్బు ఆలోచన కాదు. ఆ ఆలోచన గురించి నూటికి నూరుపాళ్లు తేల్చుకోవాలనే తపన జబ్బు. ‘నేను ఎప్పటికీ అలా చెయ్యను’ అనే గ్యారంటీ కోసం రోగి వెతుకుతాడు. దగ్గరివాళ్లు ప్రేమ కొద్దీ అది రాసిస్తుంటారు. రాసిచ్చిన ప్రతిసారీ, అలాంటి గ్యారంటీ లేకుండా బతకడం అసాధ్యమని మెదడు ఇంకాస్త గట్టిగా నేర్చుకుంటుంది.

ఓసీడీ అనగానే చాలామందికి పదేపదే చేతులు కడుక్కోవడమే గుర్తొస్తుంది. అల్మారా నీటుగా సర్దుకున్న ప్రతివాళ్లూ ‘నాకు కొంచెం ఓసీడీ ఉంది’ అని మురిసిపోతుంటారు, వాళ్లని ఏమీ అనదలుచుకోలేదు. కానీ సుమారు వందకి ఇద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఈ జబ్బులో, ఎదుటివాళ్లకి హాని చేస్తానేమో అన్న భయం చాలా మామూలు రూపం. రైలు వస్తుంటే పక్కనున్న మనిషిని తోసేస్తానేమో. కారు గతుకులో పడితే అది గతుకేనా, మనిషా? వెనక్కి తిప్పి చూసి, మళ్లీ తిప్పి చూసి, ఇంటికొచ్చాక వార్తల్లో ప్రమాదాల కోసం వెతికేవాళ్లున్నారు. గ్యాస్ సరిగ్గా కట్టకపోవడం వల్ల మేడ మొత్తం తగలబడి అందరూ నా వల్లే పోతారేమో. చెప్పుకుంటే పోలీసుల్ని పిలుస్తారని, పిల్లల్ని దూరం చేస్తారని భయపడి ఏళ్ల తరబడి నోరు మూసుకుని బతుకుతారు.

నాకు దొరికిన మొదటి డాక్టరు నా మణికట్టుకి ఒక రబ్బరు బ్యాండు వేశాడు. చెడు ఆలోచన వచ్చినప్పుడల్లా దాన్ని లాగి వదిలి, లోపల ‘ఆపు’ అని అరవమన్నాడు. మంచాయనే, నా మాట ఓపిగ్గా విన్నాడు. కానీ పది రోజులకి మణికట్టు కందిపోయి, ఆలోచనలు రెండింతలయ్యాయి. దీనికి కారణం 1987లోనే డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు చూపించాడని తర్వాతెప్పుడో చదివాను. ఐదు నిమిషాల పాటు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించకండి, ఒకవేళ గుర్తొస్తే గంట కొట్టండి, అన్నాడు. జనం గంట మీద గంట కొట్టారు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. తర్వాత ‘ఇప్పుడు ఆలోచించొచ్చు’ అన్నప్పుడు, ముందు అణుచుకున్నవాళ్లకే ఆ ఎలుగుబంటి ఎక్కువగా వచ్చింది. నేను రోజంతా తోలుతున్నది ఎలుగుబంటిని కాదు, నా కూతుర్ని పొడిచే బొమ్మని. మిగతాదంతా అదే.

ఇంటర్నెట్‌లో వెతగ్గా వెతగ్గా, ఇలాంటివి దాదాపు అందరికీ వస్తాయని తెలిసింది. 1978లో స్టాన్లీ రాక్‌మన్, పద్మల్ డి సిల్వా అనే ఇద్దరు పరిశోధకులు ఏ జబ్బూ లేని మామూలు మనుషుల్ని అడిగితే, దాదాపు 80 శాతం మంది తమకీ అక్కర్లేని పాడు ఆలోచనలు వస్తాయన్నారు. ఆ ఆలోచనల్ని, రోగుల ఆలోచనల్ని కలిపి చూపిస్తే ఏది ఎవరిదో నిపుణులకే తేలిగ్గా తెలియలేదు. 2014లో వచ్చిన ఇంకో అధ్యయనంలో 13 దేశాల్లో 777 మంది విద్యార్థుల్ని అడిగారు. గత మూడు నెలల్లో కనీసం ఒక్కసారైనా అలాంటి ఆలోచన వచ్చిందన్నవాళ్లు దాదాపు 94 శాతం. కొత్తగా తల్లులైన 91 మందిని అడిగి 2008లో రాసిన పరిశోధన ఒకటుంది. బిడ్డకి కావాలని హాని చేసినట్టు తలపు వచ్చిందని అందులో దగ్గరదగ్గర సగం మంది చెప్పారు.

ఇవి చదివి నేను బాగుపడి ఉండాలి కదా? ఆ పేజీని ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను. రోజుకి పదిసార్లు తెరిచి చూసేవాణ్ణి. నాలుగో రోజుకల్లా ‘94 శాతం అన్నారు, నేను మిగిలిన ఆరు శాతంలో వాణ్ణయితే?’ అన్న అనుమానం వచ్చింది. లెక్క ప్రకారం ఆ ఆరు శాతం అసలు ఆలోచనలే రానివాళ్లు, నాకు ఆ ఇంగితం కూడా లేకపోయింది. అక్క మాట చేసిన పనే ఆ అంకె కూడా చేసింది. నిజాన్ని మొదటిసారి వింటే అది సమాచారం. అదే నిజాన్ని ఇరవయ్యోసారి వినడానికి పరిగెత్తితే అది తంతు, అంటే భయం చల్లారడానికి చేసిందే చెయ్యడం. చేతులు కడుక్కునేవాడి తంతు కంటికి కనబడుతుంది. నాది కనబడదు: అడగడం, గూగుల్ చెయ్యడం, పాపని చూసి ‘నాకు ప్రేమ కలుగుతోందా లేదా’ అని లోపల తడిమి చూసుకోవడం, ఆ సాయంత్రం చెయ్యి కదిలిందా లేదా అని ఆ అర సెకనుని వెయ్యిసార్లు వెనక్కి తిప్పుకోవడం. ఇవన్నీ తంతులేనని తెలుసుకోవడానికే నాకు ఏడాది పట్టింది.

మరి అందరికీ వచ్చే ఆలోచన కొందరి మెడకే ఎందుకు చుట్టుకుంటుంది? 1985లో పాల్ సాల్కోవ్‌స్కిస్ చెప్పిన వివరణ నాకు అచ్చంగా సరిపోయింది. మామూలు మనిషి ‘ఛీ, ఇదేంటి’ అనుకుని ఉల్లిపాయ తరుక్కుంటాడు. ఓసీడీ ఉన్నవాడికి మాత్రం ఆ ఆలోచన రావడమే ఒక బాధ్యత అయి కూర్చుంటుంది: ‘తెలిసి కూడా జాగ్రత్తపడకపోతే జరగబోయేదానికి నాదే పాపం.’ దీనికి తోడు, అనుకోవడమూ చెయ్యడమూ ఒకటే అనే భావన. దానికి పరిశోధకులు ఒక పెద్ద పేరు పెట్టారు కానీ మనకి ఎప్పట్నుంచో తెలిసిన మాటే ఉంది: యద్భావం తద్భవతి. మంచి తలపులకి ఇది బాగానే ఉంటుంది. పాడు తలపు వచ్చి బిక్కచచ్చిపోయి కూర్చున్నవాడికి ఈ మాట వినిపిస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. ‘మనసులో ఉన్నదే బయటికొస్తుంది’ అని మనం అలవాటుగా అనేస్తుంటాం. మనసులోకి వచ్చేవన్నీ మనసులో ఉన్నవి కావు.

‘బాగానే ఉంది కానీ, నిజంగా చేస్తే?’ అని మీరు అడగొచ్చు. అడగాలి కూడా. హాని చేసే ఉద్దేశం ఉన్నవాడికి ఆ ఆలోచన చేదుగా ఉండదు. అది వాడి కోపంతోనో కోరికతోనో కలిసే ఉంటుంది, దాన్ని సమర్థించుకుంటాడు, దాచి పథకం వేసుకుంటాడు. కత్తులు అటకెక్కించడు. ఓసీడీలో ఆలోచన మనిషి ఏది పవిత్రమనుకుంటాడో దాన్నే పట్టుకుంటుంది. పసిపిల్లల తండ్రిని పసిపిల్లతోనే భయపెడుతుంది, భక్తుణ్ణి దైవదూషణతో భయపెడుతుంది. అందుకే తెలిసిన డాక్టరు ఆలోచనలో ఏముందో విని హడలిపోడు, దానికి రోగి ఎలా స్పందిస్తున్నాడో చూస్తాడు. అయితే వేరేగా చూడాల్సినవీ ఉన్నాయి. ఎవరో చెయ్యమంటున్నట్టు గొంతులు వినిపించడం, ‘బిడ్డలో దుష్టశక్తి ఉంది, చంపితేనే మంచిది’ లాంటి నమ్మకాలు కలగడం, కాన్పయిన కొద్దిరోజులకే నిద్ర పూర్తిగా పోయి మాటా ప్రవర్తనా మారిపోవడం ఓసీడీ లక్షణాలు కావు. కాన్పు తర్వాతి సైకోసిస్ (ఏది నిజమో ఏది భ్రమో తెలియని స్థితి) వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండింటిలో కనిపిస్తుంది. అది ఎమర్జెన్సీ, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అలాగే ఈ భయంతో అలిసిపోయి ‘నేను లేకపోతేనే వీళ్లు క్షేమం’ అనే దాకా వస్తే ఆలస్యం చెయ్యకూడదు. నేను ఆ అంచు దాకా ఒకసారి వెళ్లొచ్చాను కాబట్టి చెబుతున్నాను.

రెండోసారి నేను కలిసిన సైకాలజిస్టు మేడమ్ గంటన్నర సేపు అన్నీ విన్నారు. ఆఖర్న నేను ఎప్పటి ప్రశ్నే అడిగాను. “మేడమ్, నేను చెయ్యనుగా?” ఆమె నోట్‌బుక్ మూసి “ఏమో” అన్నారు.

ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. ఫీజు తీసుకుని ఏమో అంటుందేంటి? ఆమె నెమ్మదిగా చెప్పారు. “మీకు ఓసీడీ ఉందని నా అంచనా. ఇది ఇవాళ ఒక్కసారే చెప్తాను. ఇంకోసారి అడిగితే జవాబు చెప్పను. రేపు నేనేం చేస్తానో నాకూ గ్యారంటీ లేదు. గ్యారంటీ లేకుండానే ఇవాళ కారు నడుపుకుంటూ వచ్చాను.”

ఈ వైద్యం పేరు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, పొట్టిగా ఈఆర్పీ. భయపెట్టేదానికి ఎదురుగా వెళ్లడం, వెళ్లాక తంతు చెయ్యకుండా ఆగడం. 1966లో విక్టర్ మేయర్ లండన్‌లో ఇద్దరు రోగుల మీద మొదలుపెట్టినప్పుడు, అప్పటిదాకా ఏ వైద్యానికీ లొంగదనుకున్న జబ్బు ఇది. భయం దానంతటదే పెరిగి, తంతు చెయ్యకపోయినా దానంతటదే దిగుతుందని ఒంటికి తెలియాలి. దిగకపోయినా ఏమీ కాదని, భయంతోనే పని చేసుకోవచ్చని తెలియాలి. రెండోది నాకు ఎక్కువ పనికొచ్చింది.

ఇద్దరం కూర్చుని భయాలకి మార్కులు వేశాం. కత్తి అనే మాట కాగితం మీద రాయడం 20. కత్తి బొమ్మ చూడడం 30. కత్తి బల్ల మీద పెట్టుకుని గదిలో కూర్చోవడం 55. పాప ఇంట్లో ఉండగా కత్తితో తరగడం 90. ఆరో సెషన్లో మేడమ్ సొరుగులోంచి వంటింటి కత్తి ఒకటి తీసి నా చేతికిచ్చి, కుర్చీ తిప్పి నాకు వీపు పెట్టి కూర్చున్నారు. ఆవిడ మెడ వెనక జుట్టు ముడి కనబడుతోంది. నా అరచేతిలో చెమటకి కత్తి పిడి జారుతోంది. “ఇప్పుడు పొడుస్తానేమో అనిపిస్తోంది మేడమ్.” “పొడుస్తారేమో. చూద్దాం,” అని ఆవిడ తన ఫైలేదో చదువుకోవడం మొదలుపెట్టారు. పేజీ తిప్పిన చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. మొదటి పది నిమిషాలు నరకం. ఇరవయ్యో నిమిషానికి చెయ్యి నొప్పెట్టింది. ముప్పయ్యో నిమిషంలో, చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆవలింత వచ్చింది.

ఇది ఎవరికి వాళ్లు ఇంట్లో కూర్చుని చేసుకునే సాహసం అనుకోకండి. జబ్బు ఏదో తేల్చి, మెట్లు సరిగ్గా పేర్చడానికి తెలిసిన మనిషి కావాలి. మందులూ వాడాను. ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలీన్, ఫ్లూవోక్సమిన్ లాంటి ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు (మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసేవి) దీనికి వాడతారు. డిప్రెషన్‌కి ఇచ్చేదానికంటే ఎక్కువ మోతాదు కావలసి రావచ్చు. పనిచేస్తున్నాయో లేదో తేలడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. రెండో వారంలోనే విసిగి మానేసేవాళ్లు చాలామంది, నేనూ ఒకసారి మానేసి తిట్లు తిన్నాను. పాత మందు క్లోమిప్రమిన్‌నీ ఈఆర్పీనీ పోల్చిన ట్రయల్ ఒకటి 2005లో వచ్చింది. చికిత్స చివరిదాకా చేసినవాళ్లలో ఈఆర్పీతో 86 శాతం మందికి, ఆ మందుతో 48 శాతం మందికి, ఉత్తుత్తి మాత్రతో 10 శాతం మందికి మెరుగైంది. చివరిదాకా చేసినవాళ్లలో అన్న మాట గమనించండి. మధ్యలో పారిపోవడం ఈ వైద్యంలో చాలా తేలిక.

అసలు కష్టం ఇంటివాళ్లది. ఒక సెషన్‌కి నా భార్యని కూడా రమ్మన్నారు. ముగ్గురం కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాం: నేను ఆ ప్రశ్న అడిగితే ఆమె జవాబు చెప్పదు. “ఇది ఓసీడీ ప్రశ్నలా ఉంది. కష్టంగా ఉందని తెలుసు. పక్కన కూర్చోనా?” అంటుంది, అంతే. మొదటి వారం ఆమె బాత్రూంలోకి వెళ్లి ఏడ్చేది. మొగుడు దండం పెట్టి అడుగుతుంటే ఒక్క ముక్క చెప్పకుండా ఉండడం కర్కశంగా ఉందంది. మా అక్కకైతే ఒప్పందం వినగానే కోపమొచ్చింది. “ధైర్యం చెప్పకపోతే ఇంక మనుషులెందుకే?” అని నా భార్యని కడిగేసింది.

అక్క ప్రశ్న తీసిపారేయదగ్గది కాదు. ధైర్యం చెప్పడం మన దగ్గర ప్రేమకి ఇంకో పేరు. అందుకే ఆ మాటని హఠాత్తుగా మానేసి రోగిని గాలికొదిలేయమని నేను అనను. ముందుగా మాట్లాడుకుని, అతను ఒప్పుకున్నాకే మానాలి. కానీ ఏది చెబుతున్నామో చూసుకోవాలి. ‘ఏం కాదు’ అంటే భయం నిజమయ్యేదే గానీ ఈసారికి తప్పించామన్నట్టు. ‘భయంగా ఉన్నా ఉండగలవు’ అన్నదే అచ్చమైన ధైర్యం. మొదటిది నేను రోజుకి ఇరవై మూడు సార్లు పుచ్చుకున్నాను. రెండోది నాకు ఎవరూ చెప్పలేదు, ఆ బాత్రూం తలుపు అవతల ఏడ్చి మొహం కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్న మనిషి తప్ప.

వైద్యం మొదలుపెట్టిన నాలుగో నెలలో అటక మీది మూట దించాం. ఒక కత్తికి కొంచెం తుప్పు పట్టింది. పాప నేల మీద ఆడుకుంటుండగా నేను కూర తరిగాను. ముక్కలు ఒకటి ఇంతా ఒకటి అంతా వచ్చాయి.

ఇప్పుడు పాపకి ఆరేళ్లు. కిందటి వారం అక్క ఫోన్ చేసి అదీ ఇదీ మాట్లాడి, గొంతు తగ్గించి అడిగింది.

“ఒరేయ్, ఇప్పుడు ఆ ఆలోచనలు రావడం లేదుగా?”

“వస్తున్నాయక్కా. నిన్న కూడా వచ్చింది.”

అవతల కాసేపు నిశ్శబ్దం. “నువ్వలాం...” అని మొదలుపెట్టి ఆగిపోయింది. గొంతు సవరించుకుంది.

“సరే, పాపేం చేస్తోంది?”

“నా పక్కనే కూర్చుని కత్తెరతో కాగితాలు కత్తిరిస్తోంది. పువ్వు రావట్లేదట, కత్తెర నా చేతికిచ్చి నన్ను కత్తిరించమంటోంది. తర్వాత చేస్తా అక్కా.”